రోమా 12:2లో ‘మర్యాద’, ‘చిత్తము’, ‘అనుకూలము’: మన తెలుగు ఉపదేశముపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

మన తెలుగు సంఘములలో ఎక్కువమంది కంఠస్థము చేసిన వచనములలో రోమా 12:2 ఒకటి. యౌవనస్థుల కూటములలో, వివాహ ఆరాధనలలో, ఉపవాస ప్రార్థనలలో ఈ వచనమును వినని విశ్వాసి ఉండడు. అయితే ఎక్కువగా వినబడు వచనము ఎక్కువగా అర్థమైనదని చెప్పలేము. పరిచితమైన మాటలను మనము ఆగి పరిశీలించము.

మనము చదువు పాత అనువాదము ఈ వచనములో ‘మర్యాద’, ‘చిత్తము’, ‘అనుకూలము’ అను మూడు మాటలను వాడినది. అనువాదకులు తప్పు చేశారని మేము చెప్పుటలేదు. వారి కాలములో అవి తగిన మాటలే. అయితే ఈ మూడు మాటలు మన పల్లెల చెవికి వేరొక అర్థమును కూడ వినిపించును. ఆ అర్థమును సరిచేయవలసిన ఉపదేశము దానిని సరిచేయకపోగా, అనేకసార్లు దానిమీదనే ఆధారపడినదని మా విమర్శ. దీని ఫలితముగా, దేవుని చిత్తమును వివేచించి ప్రేమించుటకు మనస్సు నూతనమగుట అను పౌలు బోధ, ప్రశ్నింపక తల వంచి మేలు పొందుట అను బోధగా మారినది.

ఈ పరిశీలనకు మేము ధర్మపురి ప్రాంతమును నేపథ్యముగా తీసికొనుచున్నాము. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోనిది, 2016 నుండి జగిత్యాల జిల్లాలోనిది అయిన ఈ ఊరు గోదావరి తీరమున ఉన్న నరసింహ క్షేత్రము. నరసింహ శతకము రచించిన శేషప్ప కవి ఈ ఊరివాడే. నదికి ఆవల ఒకప్పటి ఆదిలాబాదు జిల్లా. మనస్సు, స్నానము, సేవ, మ్రొక్కు అను మాటలు ఇక్కడ వీధి మాటలు. ఇక్కడ వాక్యము చెప్పు కాపరి తన మాటలను ఇతరులకంటె ఎక్కువ జాగ్రత్తగా తూచుకొనవలెను.

1. ‘లోక మర్యాద’ ఎవరి మర్యాద?

గ్రీకు మూలములో పౌలు వాడిన క్రియ ‘సుస్కేమటిజెస్థె’. ఒక అచ్చులో ఒదిగిపోవుట, ఒక రూపురేఖకు తగినట్లు తన్ను మలచుకొనుట దాని భావము. ఇదే క్రియ 1 పేతురు 1:14లో పూర్వపు ఆశలను గూర్చి వాడబడినది. ‘లోకము’ అని మనము చదువు చోట మూలములో ఉన్నది ‘అయోన్’, అనగా యుగము. పౌలు దృష్టిలో ఇది సినిమా, నగలు, వేషధారణల జాబితా కాదు. క్రీస్తు పునరుత్థానముతో అంతము ఆరంభమైన ఒక యుగపు ఏర్పాటు అంతయు ఈ మాటలో ఉన్నది.

తెలుగులో ‘మర్యాద’ అనగా గౌరవము, పద్ధతి, హద్దు. ఎవరు ఎవరి ఎదుట కూర్చుండవచ్చునో, ఎవరు చెప్పులు చేతపట్టుకొని నడువవలెనో, ఎవరి ఇంట ఎవరు నీళ్లు త్రాగవచ్చునో నిర్ణయించునది మర్యాదయే. ఉత్తర తెలంగాణలో సువార్తను మొదట ఎక్కువగా అంగీకరించినది మాల, మాదిగ కుటుంబములవారు. వారి తాతలకు మర్యాద అనగా గడి ముంగిట ‘బాంచెన్ దొరా’ అని వంగుట. వెట్టిచాకిరి ఆ మర్యాదలో భాగము. జగిత్యాల ప్రాంతములో 1978లో రైతుకూలీలు దొరలకు ఎదురు నిలిచిన ‘జైత్రయాత్ర’ను, అదే సంవత్సరము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించుటను నేటి పెద్దలు ఇంకను జ్ఞాపకము చేసికొందురు.

ఆ పోరాట మార్గములను సంఘము ఎట్లు తీర్పు తీర్చవలెనన్నది వేరు చర్చ. మా ప్రశ్న ఇది: ఈ నేలమీద ‘లోక మర్యాదను అనుసరింపకుడి’ అని బోధించినప్పుడు మనము ఏ మర్యాదను గూర్చి మాటలాడితిమి? సాధారణముగా జాతరకు పోవద్దు, సారా ముట్టవద్దు, సినిమా చూడవద్దు అని చెప్పితిమి. వీటిలో కొన్ని అవసరమైన బోధలే. అయితే మాల సంఘము, మాదిగ సంఘము అని వేరుగా కూర్చుండు మర్యాదను గూర్చి, పెండ్లి సంబంధము వచ్చినప్పుడు మొదట కులమును అడుగు మర్యాదను గూర్చి ఎన్ని ప్రసంగములు విన్నాము?

అంతియొకయలో పేతురు చేసినది (గలతీ 2:11-14) సరిగా ఇటువంటి మర్యాద పాటించుటయే. అతడు విగ్రహమునకు మ్రొక్కలేదు, త్రాగలేదు. కొందరు వచ్చినప్పుడు అన్యజనుల భోజనపు బల్లను విడిచి వెనుకకు తీసెను, అంతే. పెద్దమనుష్యుల ఎదుట అది మర్యాదగానే కనబడియుండును. పౌలు మాత్రము దానిని సువార్త సత్యమునకు విరోధమైన నడతగా ఎంచి అందరి ఎదుట ఎదిరించెను. రోమా 12:2ను గలతీ 2 ప్రక్కన ఉంచి చదివినయెడల, ఈ యుగపు అచ్చు మన బల్లలయొద్దనే ఉన్నదని తెలియును.

2. మనస్సు: భ్రష్టమైనది, నూతనమగునది

ఈ పత్రికలో 12:2లోని మనస్సును 1:28లోని మనస్సుతో కలిపి చదువవలెను. 1:28లో మనుష్యులు దేవుని ఎరుకలో ఉంచుకొనుటను యోగ్యమని ఎంచలేదు గనుక, దేవుడు వారిని అయోగ్యమైన మనస్సుకు అప్పగించెనని పౌలు చెప్పుచున్నాడు. మూలములో ఇది ఒకే ధాతువుమీద సాగిన మాట: ‘డొకిమజైన్’ చేయనివారికి ‘అడొకిమొస్’ మనస్సు. 12:2లో నూతనమైన మనస్సు చేయునది మరల ‘డొకిమజైన్’. మొదటి అధ్యాయములో పోయినది పండ్రెండవ అధ్యాయములో తిరిగి ఇయ్యబడుచున్నది.

మన అనువాదము మొదటి చోట ‘ఒల్లకపోవుట’ అనియు, ‘భ్రష్ట మనస్సు’ అనియు, రెండవ చోట ‘పరీక్షించి’ అనియు చెప్పినందున ఈ బంధము తెలుగు పాఠకునికి కనబడదు. భ్రష్ట మనస్సు అనగానే మనకు దుర్నీతి మాత్రమే స్ఫురించును. పౌలు చెప్పునది అంతకంటె లోతైన నష్టము. అది మేలు కీడులను వేరుచేయు శక్తినే కోల్పోయిన మనస్సు. గీటురాయి చెడిపోయిన కంసాలికి ఇత్తడియు బంగారమువలె కనబడును. అతడు దొంగ కాకపోవచ్చును, అయినను అతని తూకము నమ్మరాదు.

‘నూతనమగుట’కు మూలపదమైన ‘అనకైనోసిస్’ క్రొత్త నిబంధనలో రెండుసార్లు మాత్రమే కనబడుచున్నది. రెండవది తీతు 3:5. అక్కడ అది పునర్జన్మ స్నానముతోను, పరిశుద్ధాత్మతోను జతచేయబడినది. ధర్మపురిలో ఈ వచనము బోధించువాడు ఒక క్షణము ఆగవలెను. 2003లోను, 2015లోను గోదావరి పుష్కరములకు ఈ ఊరి రేవులు జనముతో నిండినవి. నదిలో మునిగినంత మాత్రమున మనస్సు మారునా అని మన ప్రసంగికులు అడుగుట తెలిసినదే. అదే ప్రశ్న మన బాప్తిస్మపు తొట్టిని గూర్చి అడిగితిమా? బాప్తిస్మము పొంది ఇరువది సంవత్సరములైన తరువాతను కుల మర్యాద చెక్కుచెదరనియెడల, పొరుగువాని స్నానమును విమర్శించు హక్కు మనకు తక్కువ.

శేషప్ప కవి యెదుట కూడ మనము వినయముగా నిలువవలెను. మరణ సమయమున మనస్సు తన వశములో ఉండునో ఉండదో, దైవ స్మరణ కలుగునో కలుగదో అను భయము ఆయన శతకములో ప్రసిద్ధము. మనుష్యుని మనస్సు నమ్మదగినది కాదని ఈ ఊరివారికి మనము క్రొత్తగా చెప్పనక్కరలేదు. పౌలు చేర్చునది మరియొకటి. ‘రూపాంతరము’ అని మనము చదువు క్రియ మూలములో కర్మణి ప్రయోగము, వర్తమాన కాలము. మనుష్యుడు తన మనస్సును తానే పట్టి నిలుపుకొనుట కాదు, దేవుడు దానిని దినదినము మార్చుచుండగా ఒప్పుకొనుట. ఇదే క్రియ కొండమీద యేసు రూపాంతరమును గూర్చియు (మార్కు 9:2), ప్రభువు మహిమను చూచుచు మార్చబడు సంఘమును గూర్చియు (2 కొరింథీ 3:18) వాడబడినది. ‘స్కేమ’ బాహ్యరూపమనియు ‘మొర్ఫె’ అంతఃస్వరూపమనియు లైట్‌ఫుట్ మొదలైన పూర్వపు వ్యాఖ్యాతలు గట్టిగా విభజించిరి. తరువాతి పండితులు ఆ విభజనను అంత గట్టిగా పట్టుకొనరు. ప్రసంగము ఆ విభజనమీద నిలువనక్కరలేదు. వర్తమాన కాలము, కర్మణి ప్రయోగము చాలును.

3. ‘చిత్తము’ అనుటయా, పరీక్షించుటయా?

తెలుగులో ‘చిత్తము’ అనగా మనస్సు, ఇష్టము. దానికి మరియొక వాడుక కూడ ఉన్నది. రాజుల కొలువులో, జమీందారుల ముంగిట సేవకుడు పలుకు ఒకే ఒక్క జవాబు ‘చిత్తం’. యజమానుని ఇష్టమే తన ఇష్టము, తనకు అడుగుటకు ఏమియు లేదు అని దాని భావము. మన ప్రాంతపు గడిలో ఆ స్థానమున ‘బాంచెన్’ ఉండెను. మాట వేరైనను నడుము వంగుట ఒకటే.

‘దేవుని చిత్తము’ అను మాట ఈ నీడలో వినబడునప్పుడు దేవుడు మరింత పెద్ద దొరగా కనబడును. బిడ్డ మరణించిన ఇంటికి వెళ్లి ‘ఇది దేవుని చిత్తము, ప్రశ్నింపకూడదు’ అని ఓదార్చునప్పుడు మనము ఆ నీడను గట్టిపరచుచున్నాము. సంఘపు లెక్క అడిగిన సభ్యునికి ‘దేవుని చిత్తమునకు లోబడుము’ అని జవాబిచ్చునప్పుడు దానిని దుర్వినియోగము చేయుచున్నాము. ఇట్టి జవాబులు మేము విన్నాము. కొన్నిసార్లు మేమే ఇచ్చితిమని ఒప్పుకొనుచున్నాము.

పౌలు వాడిన మాట ఇందుకు భిన్నము. దేవుని చిత్తమును పరీక్షించి ఎరుగుడి అని ఆయన చెప్పుచున్నాడు. పరీక్షించుట అనగా దేవునికి తీర్పు తీర్చుట కాదు. ఇది దేవుని చిత్తమని మన ఎదుటికి వచ్చిన ప్రతి మాటను గీటురాయిమీద గీసి చూచుట, నిజమైనదానిని మేలైనదిగా కనుగొని హత్తుకొనుట. ‘డొకిమజైన్’ అను పదములో పరీక్షయు ఉన్నది, పరీక్ష తరువాత కలుగు సమ్మతియు ఉన్నది. ప్రేమ ప్రవేశించునది ఇచ్చటనే. ఫిలిప్పీ 1:9-10లో పౌలు ప్రేమ తెలివితోను అనుభవజ్ఞానముతోను అభివృద్ధి పొందవలెనని ప్రార్థించి, దాని ఫలితముగా శ్రేష్ఠమైనవాటిని వివేచింపగలరని అదే క్రియను వాడుచున్నాడు. వివేచన లేని ప్రేమ గ్రుడ్డిది, ప్రేమ లేని వివేచన కోర్టు గుమాస్తా పని అని మాత్రము కాదు మా భావము. పౌలు దృష్టిలో ఈ రెండును ఒకే మనస్సు చేయు పని.

పౌలు తన్ను దాసుడని చెప్పుకొనలేదా (1:1), విశ్వాసులు నీతికి దాసులని వ్రాయలేదా (6:18) అని ఎవరైనను అడుగవచ్చును. నిజమే. అయితే ఆ మాట తరువాత 8:15 వచ్చుచున్నది: మనము పొందినది భయపడు దాస్యపు ఆత్మ కాదు, అబ్బా అని పిలుచు దత్తపుత్రాత్మ. యోహాను 15:15లో ప్రభువు ఇంకను స్పష్టముగా, యజమానుడు చేయునది దాసునికి తెలియదనియు, తాను తెలియజేసినందున శిష్యులు స్నేహితులనియు చెప్పుచున్నాడు. తెలియక చేయుట దాసునికి చాలును. తెలిసి, మేలని గ్రహించి, ఇష్టపడి చేయుట కుమారుని పని.

గెత్సేమనే దీనికి సాక్ష్యము. తండ్రి చిత్తమునకు సంపూర్ణముగా లోబడిన కుమారుడు గిన్నె తొలగుమని అడిగెను, ఒకసారి కాదు మూడుసార్లు ప్రార్థించెను. మరియ కూడ సమ్మతించుటకు ముందు ఇది ఏలాగు జరుగునని అడిగెను. ఆ ప్రశ్నలు అవిధేయతలు కావు. అవి లేని విధేయతనే సంఘము నేర్పినయెడల, మనము సువార్తను కాదు, గడి పద్ధతిని నేర్పుచున్నాము.

4. ‘అనుకూలము’ ఎవరికి?

దేవుని చిత్తమునకు పౌలు మూడు విశేషణములు చేర్చెను. వీటిని మూడు మెట్లుగా విభజించి, ఉత్తమ చిత్తము క్రొత్త విశ్వాసులకనియు, సంపూర్ణ చిత్తము పరిపక్వులకనియు చెప్పు ప్రసంగములు మన కూటములలో సాధారణము. మూలములో ఈ మూడింటికి ముందు ఒకే నిర్దేశపదము (గ్రీకు ‘టొ’) ఉన్నది. కాబట్టి మూడు మెట్లు లేవు. ఒకే చిత్తమును మూడు మాటలు వర్ణించుచున్నవి. మన తెలుగు వాక్యము కూడ ఈ విషయములో నమ్మకముగా ఉన్నది. మెట్లు ప్రసంగికులు కట్టినవే.

అంతకంటె పెద్ద చిక్కు ‘అనుకూలము’ అను మాటతో ఉన్నది. మూలములో ‘యువరెస్టొస్’, అనగా ప్రీతికరమైనది. పౌలు పత్రికలలో ఈ మాట సాధారణముగా దేవునికి లేక ప్రభువునకు ప్రీతికరమైనదానిని చెప్పును. దీనికి ముందు వచనములోనే సజీవయాగము దేవునికి ప్రీతికరమైనది. తెలుగులో ‘నాకు అన్నియు అనుకూలముగా జరిగినవి’ అనునప్పుడు అర్థము తిరుగబడుచున్నది. నాకు కలిసి వచ్చినదే దేవుని చిత్తము, కలిసి రానిది కాదు అను నిర్ణయమునకు ఈ ఒక్క మాట చాలినంత ద్వారము తెరచినది.

ధర్మపురి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో ఇది గల్ఫ్ వీసా విషయములో తేటగా కనబడుచున్నది. దశాబ్దములుగా ఇచ్చటి కుటుంబములు కుమారులను దుబాయి, మస్కట్, సౌదీలకు పంపుచున్నవి. ప్రార్థన కూటములో తల్లి లేచి, ఏజెంటు మాట ఇచ్చెను, దేవుని చిత్తమైతే వీసా వచ్చును అని విన్నవించుకొనును. మనము ప్రార్థింతుము. వీసా వచ్చినయెడల సాక్ష్యము, రానియెడల మౌనము. ఈ మధ్యలో పరీక్షించుట అను పని ఎవరును చేయలేదు. ఆ ఏజెంటు 1983 వలస చట్టము క్రింద నమోదైనవాడేనా? వీసా పనిదా, సందర్శనదా? అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏ భూమి తాకట్టు? భార్య సమ్మతించినదా, లేక ‘చిత్తం’ అన్నదా? పిల్లలకు తండ్రి లేని సంవత్సరములు ఎన్ని?

ఈ ప్రశ్నలు అడుగుట విశ్వాసలోపమని కొందరు కాపరులు తలంచుచున్నారు. రోమా 12:2 ప్రకారము ఇవే విశ్వాసపు పని. వీటిని అడిగి, సంఘముతో కలిసి యోచించి, ప్రార్థించి వెళ్లినవాడు కష్టము వచ్చినప్పుడు దేవుడు తన్ను మోసగించెనని తలంచడు. అడుగకుండ పంపిన సంఘము, అతడు అప్పుతో తిరిగి వచ్చినప్పుడు, ‘ఇదియు దేవుని చిత్తమే’ అని చెప్పవలసి వచ్చును. అప్పుడు ఆ మాట ఏజెంటు తప్పును దేవునిమీద మోపుచున్నది.

5. రెండు అభ్యంతరములు

మొదటిది: మనస్సునకు, వివేచనకు ఇంత స్థానమిచ్చినయెడల చదువులేని విశ్వాసి వెనుకబడడా? ‘నూస్’ అనగా పాఠశాల విద్య కాదు. పి. వై. లూక్, జాన్ కార్మన్‌లు మెదక్ అధ్యక్ష మండలపు పల్లె సంఘములను పరిశీలించి 1968లో ప్రచురించిన గ్రంథము మనకు పొరుగు ప్రాంతపు సాక్ష్యము. ఆ పల్లె క్రైస్తవులు గ్రామ ఆచారములలో ఇంకను పాలుపొందుచుండుటను వారు దాచలేదు. అయితే చదువురాని విశ్వాసులకు తెలుగు కీర్తనలే వేదాంతమును నేర్పుచున్న సంగతిని కూడ వారు గంభీరముగా తీసికొనిరి. పాడి పాడి ఎరిగిన వృద్ధురాలు, వేదాంత పట్టభద్రునికంటె త్వరగా కల్తీని గుర్తించుట మనకు తెలిసినదే.

రెండవది: ప్రతివాడు తనకు తోచినదే దేవుని చిత్తమని చెప్పడా? పౌలు క్రియలన్నియు బహువచనములో ఉన్నవి, ‘మనస్సు’ మాత్రము ఏకవచనములో ఉన్నది. ‘మీ’ అను మాట అనేక ప్రాచీన ప్రతులలో లేదు. దీనిమీద మితిమీరిన సిద్ధాంతము కట్టరాదు గాని, తరువాతి వచనము దారి చూపుచున్నది. నూతన మనస్సునకు మొదటి ఫలము తన్నుతాను ఎంచుకొనతగినదానికంటె ఎక్కువగా ఎంచుకొనకుండుట (12:3), రెండవది ఒకే శరీరములో అవయవముగా ఉండుట (12:4-5), ఇంక కొంత దూరములో తగ్గువారితో కలిసియుండుట (12:16). 14వ అధ్యాయములో భోజన వివాదము వచ్చినప్పుడు, మనస్సు అను మాట (14:5), పరీక్షించుట అను క్రియ (14:22) మరల వచ్చుచున్నవి. కాబట్టి పౌలు బోధను సంఘములో పరీక్షించవలసిన స్థలము వ్యక్తిగత మార్గనిర్దేశము కాదు, ఎవరితో కలిసి తినుచున్నాము అను ప్రశ్న.

ముగింపు

మన పాత అనువాదమును మార్చవలెనని మేము కోరుటలేదు. ప్రజల నోట నిలిచిన వచనమును తీసివేయుట కష్టము, అవసరమును కాదు. కాపరి వివరణలో మూడు జాగ్రత్తలు చాలును. ‘మర్యాద’ అని చదివినప్పుడు కులపు హద్దును పేరు పెట్టి చెప్పవలెను. ‘చిత్తము’ అని చదివినప్పుడు దొరను కాదు, తండ్రిని చూపవలెను. ‘అనుకూలము’ అని చదివినప్పుడు ఎవరికి అని అడుగవలెను.

వేదాంత విద్యార్థులకు ఒక మాట. మీరు సెలవులలో పల్లె సంఘమునకు వెళ్లినప్పుడు ఈ వచనముమీద ప్రసంగించుటకు ముందు ఒక దినము వినుడి. ఎవరు ఏ మాటకు ‘దేవుని చిత్తము’ అని పేరు పెట్టుచున్నారో వ్రాసికొనుడి. ఆ మాటలలో ఎన్ని నిజముగా పరీక్షింపబడినవో, ఎన్ని భయమువలన అంగీకరింపబడినవో చూడుడి. మీ ప్రసంగము అక్కడనుండి ఆరంభము కావలెను.

మా విషయమైతే, ఈ వ్యాసము వ్రాయుచుండగా మా సొంత ప్రసంగముల పాత కాగితములు తీసి చూచితిమి. ‘లోబడుము’ అను మాట అనేకసార్లు ఉన్నది. ‘పరీక్షించుము’ అను మాట కొద్దిసార్లే ఉన్నది. దేవుని చిత్తము ఉత్తమమైనదని చెప్పితిమి గాని, అది ఎందుకు ఉత్తమమో వినువారు కనుగొనుటకు సమయము ఇయ్యలేదు. సంఘము తన మనస్సుతో దేవుని చిత్తమును కనుగొని సంతోషించుటకు చోటిచ్చు కాపరత్వమును నేర్చుకొనవలసిన అవసరము మొదట మాకే ఉన్నది.